ఒకే ఇంట రెండు దిగుళ్ళు

(మన సంఘపు మాసాంత సమావేశమున హోసూరునందు చేసిన ఉపన్యాస పాఠము)



ఈ వేదికమీద మేము సాధారణముగా ప్రస్తావించు విషయములు మీకందరికిని కంఠస్థములే. బడులలో తెలుగు తరగతులు, 2006వ సంవత్సరపు తమిళ బోధన చట్టము తరువాత మన పిల్లల పరీక్షల చిక్కులు, గ్రంథాలయపు చందాలు. ఈనాడు కార్యదర్శిగారు మమ్ము వర్తకమును గురించి మాటలాడుమని కోరిరి. వారిని మన్నింపుమని వేడుకొని, వేరొక విషయము చెప్పుటకై లేచితిమి. అది మా ఇంటి సంగతి.

ఇంటి గుట్టు సభలో విప్పుట మన పెద్దల పద్ధతి కాదు. అందుచేత ముందుగా మా తల్లిగారి అనుమతి అడిగితిమి. వారు కొంతసేపు ఊరకుండి, "చెప్పు నాయనా, దాచి ఏం మూట కట్టుకున్నాం? ఒక్కటి మాత్రం చెప్పొద్దు" అనిరి. ఆ ఒక్కటి ఏదో మాకు తెలియును. దానిని చెప్పము. మిగిలినదంతయు చెప్పెదము.

మేము మెట్రిక్యులేషను వరకు మాత్రమే చదివి, తండ్రిగారి వెంట చింతపండు, రాగులు, ఉలవల వ్యాపారములో దిగినవారము. వైద్యము చెప్పుటకు మాకు అర్హత లేదు. అయితే, మునిగిన సరకు ధర మునిగినవానికి బాగుగా తెలియును గదా. ఆ హక్కుతో మాటలాడుచున్నాము.

డాక్టర్లు దీనిని డిప్రెషను అందురు. పత్రికలవారు కుంగుబాటు అని వ్రాయుచున్నారు. మన ఇండ్లలో ఆడవారు ఎప్పటినుండియో దిగులు, బెంగ అనుచున్నారు. ఈ రెంటికిని భేదము కలదు. బెంగ ఒకరిమీద పెట్టుకొనునది, వారు కంటబడిన తీరునది. దిగులునకు కారణము ఉండవచ్చును, లేకపోవచ్చును. కారణము తొలగినను అది తొలగక కూర్చుండవచ్చును. ఏదో ఒకనాడు మనసు బాగులేకపోవుటను జబ్బు అనరు. రెండు వారములకు మించి, రోజులో అధికభాగము మనసు అణగిపోయి, ఇష్టమైన పని రుచింపక, నిద్రయు ఆకలియు తప్పి, ఒంటిలో సత్తువ లేక, ప్రతి తప్పును తనదే అని తోచుచున్నచో అది జబ్బు అని వైద్యుల మాట. పెద్దవయసువారు మనసు బాగులేదని చెప్పరు. మోకాళ్ళు నొప్పి, నడుము నొప్పి, కడుపులో మంట అందురు. అది అబద్ధమును కాదు. వారికి నిజముగానే నొప్పి యుండును.

2021వ సంవత్సరము మే నెలలో, కరోనా రెండవ విడతలో, మా తండ్రిగారు పోయిరి. జ్వరము వచ్చిన ఐదవనాడు ఊపిరి అందకపోగా మేమే కారులో ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. తొమ్మిదవనాడు కబురు వచ్చెను. దేహమును ఇంటికి తేనియ్యలేదు. దాదాపు 50 ఏండ్లు కాపురము చేసిన మనిషి ముఖమును మా తల్లిగారు కడపటిసారి చూడలేదు. కర్మలకు బంధువులు రాలేకపోయిరి. ములబాగిలునుండి మా మేనమామగారు బయలుదేరి, దారిలో ఆపబడి, వెనుకకు మరలిపోయిరి. ఏడ్చుటకు కూడ నలుగురు కావలెనని మాకు అప్పుడు తెలిసెను.

ఆ తరువాత మా తల్లిగారు క్రమముగా తగ్గిపోయిరి. తగ్గిపోవుట యన్న మాటయే సరియైనది. ముందు వాకిట ముగ్గు పెట్టుట మానిరి. పిదప పెరటిలోనికి వచ్చుట మానిరి. ప్రతి వేసవిలో మా పెరట చింతపండు గింజ తీయు ఆడకూలీల నడుమ పీట వేసికొని కూర్చుండి, తాముకూడ ఒక సుత్తి పట్టుకొని, ఊరి కథలన్నియు వినుచు, సాయంకాలము ఎవరి తూకము ఎంతయో నోటిలెక్కగా చెప్పెడివారు. 2022 వేసవిలో ఆ పీట గోడకు ఆనించియే యుండెను. మోకాళ్ళకు ఒక వైద్యుడు, నడుమునకు ఒకరు, కడుపునకు ఒకరు. ఫోటోలు తీయించితిమి, సూదులు వేయించితిమి. వయసు పైబడినదని ఒకరు చెప్పిరి. వయసు మాకునూ పైబడుచున్నదని మేమును ఒప్పుకొంటిమి.

అదే కాలమున మాకు ఏమి జరుగుచున్నదో మేము గమనింపలేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చుచుండెను. మరల నిద్ర పట్టదు. పద్దుపుస్తకము తెరచి, అదే పుటను అరగంట చూచుచుందుము. దుకాణములో హమాలీలమీద ఎన్నడు లేనంత కోపము. మగవారిలో దిగులు తరచుగా కోపముగా వెళ్ళగ్రక్కునని ఆ పిదప ఎవరో చెప్పగా వింటిమి. చింతపండు వ్యాపారులు ఇచట నలుగురైదుగురు ఉన్నారు, వారికి తెలియును: ఎండలు ముదురక ముందే సరకును శీతల గిడ్డంగికి చేర్చనిచో నల్లబడును. ఆ ఏడు 60 బస్తాలు మా గోదాములోనే నల్లబడెను. లారీకి ఫోను చేయవలెను, అంతే పని. ఫోను చేతిలో పట్టుకొని, రేపు చేయుదమని పెట్టివేసెడివారము. అట్లు 20 దినములు. దానిని బద్ధకమని మా బావగారు తిట్టిరి. మేమును నమ్మితిమి.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఇంట ఒకరు కుంగిపోయినచో మిగిలినవారు కనిపెట్టుకొని యుందురు. ఇద్దరు కుంగిపోయినప్పుడు నడక వేరు. మేము ముఖము ముడుచుకొని కనబడినచో అమ్మ ఇంకను క్రుంగునని ఎదుట నవ్వుచుంటిమి. కొడుకు అసలే వ్యాపారములో నలుగుచున్నాడని అమ్మ తన నొప్పిని మోకాలివరకే చెప్పుచుండిరి. రాత్రి భోజనమువద్ద ఇద్దరమును "బాగున్నావా?" "బాగున్నాను" అనుకొని లేచెడివారము. లోపల మాత్రము ఒకరి ముఖము ఒకరికి అద్దము. అమ్మ కంచములో అన్నము మిగిలినచో అది మమ్ము నిందించుటయే అని మాకు తోచును. మేము మాటలాడక పడుకొన్నచో తాను భారమైతినని ఆమెకు తోచును. ఆమె మనసు మేము బాగుచేయవలెనని మేమును, మా మనసు తాను బాగుచేయవలెనని ఆమెయు. వర్తకుల భాషలో చెప్పవలెనన్న, నిండ అప్పులలోనున్న ఇద్దరు ఒకరికొకరు హామీ సంతకములు పెట్టినట్లు. కాగితముమీద హామీ యున్నది. పెట్టెలో చిల్లిగవ్వ లేదు.

ఇందులో మేము చేసిన ఒక తప్పును చెప్పక తప్పదు. 2022 చివరలో అమ్మను బెంగళూరునకు ఒక పెద్ద వైద్యునికి చూపించితిమి. ఆయన ఉత్తరాదివారు, ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. మేమే మధ్యవర్తులము. ఆయన అడుగుట, మేము తెలుగులో చెప్పుట, అమ్మ చెప్పినదానిని మరల ఆయనకు వినిపించుట. ఎంతకాలముగా నొప్పి అని అడిగిరి. అమ్మ కాళ్ళ సంగతి చెప్పి, ఆ వరుసలోనే, కంఠము మార్చకయే, "నిద్రలోనే పోతే బాగుండు నాయనా" అనిరి. మేము కాళ్ళ సంగతి చెప్పితిమి. ఆ వాక్యమును చెప్పలేదు. సిగ్గుచేత అని అప్పుడు అనుకొంటిమి. కాదు. ఆ వాక్యము మా మనసులోనిది కూడ. దానిని పరాయి భాషలో ఒక వైద్యుని బల్లమీద పెట్టిన, అది ఎవరిదని ఆయన అడుగునో అని భయపడితిమి. నొప్పిమాత్రలు వ్రాయించుకొని ఇంటికి వచ్చితిమి.

మా ముడిని విప్పినవారు వైద్యులు కారు. మా మేనమామగారు. 2023 శ్రావణములో ఒక పనసకాయ పట్టుకొని వచ్చి, నాలుగునాళ్ళకని వచ్చినవారు 20 దినములు ఉండిరి. ఆయన ప్రత్యేకముగా ఏమియు చేయలేదు. రాత్రి అక్కగారి మంచము ప్రక్కన చాప వేసికొని పడుకొనెడివారు. పగలు దుకాణములో మా ప్రక్కన కూర్చుండి రాగులు చేతిలో పోసికొని చూచెడివారు. ఒకరాత్రి అమ్మ ఆయనతో చెప్పిరట: ఆ ఏడు ప్రక్కవీథిలో పేరంటమునకు తానే పోయితినని, తనకే ముందు దగ్గు వచ్చెనని, తనవలననే ఆయనకు సోకెనని. రెండేండ్లు ఆమె ఈ మాట ఎవ్వరితోను అనలేదు. ఆ సంగతి తెలియక, రెండునాళ్ళ తరువాత, మేము అదే మేనమామతో చెప్పితిమి: దుకాణము మూయుమని అందరు చెప్పినను మేము మూయలేదని, జనములో తిరిగి జబ్బును ఇంటికి మోసినది మేమేనని. అదియు ఎవ్వరితోను అనని మాట.

ఆయన రాగులు సంచిలో పోసి, చేతులు దులుపుకొని, "ఏమిరా అబ్బాయీ, మీ అమ్మ తన వల్లే పోయినాడంటుంది, నువ్వేమో నీ వల్ల అంటావు. ఆ మనిషి ఒక్కసారే కదరా పోయినాడు!" అనిరి.

నవ్వు వచ్చెను, ఏడుపు వచ్చెను. ఆ సాయంకాలము అమ్మయెదుట ఇద్దరి మాటలను ఆయనయే చెప్పిరి. అమ్మ మమ్ము చాలసేపు చూచి, "నీకెందుకురా ఆ పాపం" అనిరి. రెండేండ్లలో మా ఇంట పుట్టిన మొదటి నిజమైన మాట అది.

కథ ఇచటితో ముగియునని మీరు అనుకొనవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. ఒక వారము తేలికగా ఉండెను. తరువాత మరల మూడు గంటలకు మెలకువ. మాట చెప్పుకొనిన గుండె తేలికయగును గాని, రెండేండ్లు ముదిరిన జబ్బు ఒక్క మాటతో పోదు. జ్వరము ఎందుకు వచ్చినదో తెలిసినంతమాత్రమున జ్వరము దిగదు గదా. మేనమామగారే పట్టుబట్టి ఇద్దరిని బెంగళూరు తీసికొనిపోయిరి. ఈసారి తెలుగు తెలిసిన మనోవైద్యురాలిని వెదకితిమి. బెంగళూరులో అది కష్టము కాదు, అడుగవలెను, అంతే.

మా తల్లిగారు సంతలో తమిళము, వియ్యపురాలి ఇంట కన్నడము ధారాళముగా మాటలాడగలరు. కాని బేరమాడు భాష వేరు, ఏడ్చు భాష వేరు. ఆ వైద్యురాలు మమ్ము బయటకు పంపి, తలుపు మూసి, "అమ్మా, దిగులు పొద్దున ఎక్కువా, సాయంత్రమా?" అని అడిగిరట. "పొద్దునేనమ్మా. తెల్లవారితే భయం" అని అమ్మ చెప్పిరట. ఈ జబ్బులో చాలమందికి ఉదయమే బరువు, ప్రొద్దు క్రుంకుకొలది కొంత తేలికయట. రెండేండ్లుగా మేము ఆమెను సాయంకాలము ఏడు గంటలకు, దుకాణము మూసి వచ్చి, "ఎట్లున్నావమ్మా?" అని అడుగుచుంటిమి. అప్పటికి ఆమె నిజముగానే కొంత బాగుండెడివారు. రెండు నిమిషముల ప్రశ్నను తప్పు వేళలో అడుగుటచేత మాకు తెలియవలసినది తెలియకపోయెను.

పిదప మమ్ము వేరుగా పిలిచిరి. వేరు చీటి, వేరు మందు, వేరు తారీఖు. "మీరు అమ్మగారి సంరక్షకులుగా రాలేదు, మీరుకూడ రోగియే" అని ఆమె నిక్కచ్చిగా చెప్పిరి. అమ్మకు బాగుపడిన తరువాత మా సంగతి చూచుకొందుమని మేము అంటిమి. మీకు బాగుపడనిచో అమ్మకు ఎట్లు బాగుపడునని ఆమె తిరిగి అడిగిరి. ఇద్దరికిని రక్తపరీక్షలు చేయించిరి. గొంతుకయందలి థైరాయిడ్ గ్రంథి మందగించినను, బి12 విటమిను తక్కువైనను ఇటువంటి లక్షణములే కనబడునట. అమ్మకు బి12 కొంత తక్కువగా ఉండెను. దానికి సూదులు వేసిరి.

మందులనుగూర్చి మన ఇండ్లలో నున్న భయములు తెలిసినవే. మత్తుమందు అందురు, అలవాటు పడునందురు. నిద్రమాత్రల సంగతి వేరు, వీని సంగతి వేరు. ఇవి మొదటి వారములో కడుపు త్రిప్పును, మేలు మాత్రము రెండు నుండి నాలుగు వారముల వరకు కనబడదు. చేదు ముందు, తీపి వెనుక. చాలమంది ఆ చేదులోనే మానివేయుదురు. గుణము కనబడిన తరువాతకూడ కనీసము ఆరు నెలలు వాడవలెను. మానునప్పుడు వైద్యుని సలహాతో మెల్లగా తగ్గింపవలెను. ఈ చివరిమాటను మేము పాటింపలేదు. ఎందుకో వినుడు, ఇది ఒకే ఇంట ఇద్దరున్నచోట పొంచియుండు గొయ్యి.

మాకు ముందు బాగుపడెను. ఆరు వారములకు నిద్ర పట్టెను, పద్దులు తలకెక్కెను. అమ్మ మాత్రము అట్లే యుండిరి. ఆమె ఇంకను చీకటిలో కూర్చుండగా మేము దుకాణములో నవ్వుచున్నామను తలంపు ముల్లువలె గ్రుచ్చెను. ఇద్దరమును ఒక పడవలో నుండగా మేము ఒడ్డున దూకితిమా అనిపించెను. నాలుగవ నెలలో, వైద్యురాలికి చెప్పకయే, మాత్రలు మానివేసితిమి. ఖర్చు తగ్గించుటకని ఇంటిలో చెప్పితిమి. అసలు కారణము అది కాదని ఇప్పుడు తెలియును. ఆమెకు తోడుగా మరల దిగుటకే. దిగితిమి కూడ. సంక్రాంతినాటికి మా స్థితి మొదటికి వచ్చెను. అమ్మకు దానివలన లాభమేమి? కొడుకు మరల చెడెనని రెండు ముద్దలు తక్కువ తినిరి. వైద్యురాలు మమ్ము బాగుగానే చీవాట్లు పెట్టిరి. మరల మొదటినుండి.

రెండవసారి ఒక చిన్న ఏర్పాటు చేసికొంటిమి. ఒకరి మనసును ఒకరు అడుగుట మానితిమి. దానికి బదులు ఇద్దరమును కలిసి చేయు పని ఒకటి, వేళప్రకారము. ఉదయము ఆరుంపావుకు వాకిలి చిమ్మి ముగ్గు. అమ్మ పిండి పట్టుకొందురు, నీళ్ళు చల్లుట మాది. బాగున్నను, బాగులేకున్నను. మొదటి పదినాళ్ళు నాలుగు చుక్కలే. వీథిలో పోవువారు మా చీపురును చూచి నవ్విరి. వ్యాపార సంఘమువారు ఇప్పటికిని ఎగతాళి చేయుదురు. మనసు కుదిరిన తరువాత పనిచేయుదమనుట ఈ జబ్బులో కుదరదు. పని ముందు నడచిన మనసు వెనుక వచ్చును. ఇది మా కల్పన కాదు. గోవాలో వైద్యులు కాని సామాన్యులకు శిక్షణనిచ్చి, 6 నుండి 8 సమావేశములలో రోగులచే ఇట్టి చిన్నపనులు చేయించి, తీవ్రమైన దిగులు గలవారికి సైతము మేలు కలిగినదని చూపిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడినది.

చంద్రచూడేశ్వరస్వామి కొండకును పోవుచుంటిమి. దేవుని దయయో, మెట్లు ఎక్కుటయో, రెండును కావచ్చును, వైద్యురాలు పోవలదనలేదు. మాత్రలు మానవలదని మాత్రము చెప్పిరి.

ఇంతవరకు మా ఇంటివారిని గురించి ఒక్క మాటయు చెప్పలేదని ఆడవారి వరుసలో గుసగుసలు వినబడుచున్నవి. న్యాయమే. రెండేండ్లు ఇద్దరు రోగులను, ఇద్దరు పిల్లలను, కూలీల లెక్కను ఆమెయే మోసెను. "నీవెట్లున్నావు?" అని ఆమెను అడిగినవారు లేరు. మేమును అడుగలేదు. బలము గలవారు ఒకరున్నారని తెలిసినచో, మన ఇండ్లలో అందరును ఆ ఒక్కరిమీదనే ఒరగుదురు. ఒకనాడు పెరుగు చిలుకుచు కవ్వము నేలకు విసరికొట్టెను. ఆ కవ్వమే ఆమె చెప్పిన మాట. ఇప్పుడు గురువారపు సాయంకాలములు ఆమెవి. అమ్మవద్ద మా పెద్దక్కయ్య వచ్చి కూర్చుండును. ఆమె ఎచటికి పోవునో మేము అడుగము.

మా పెద్దపిల్లకు అప్పుడు 13 ఏండ్లు. బడినుండి వచ్చి చప్పుడు చేయక పుస్తకము తెరచుకొనెడిది. బుద్ధిమంతురాలైనదని సంతోషించితిమి. ఒకనాడు "నాన్నా, నామీద కోపమా?" అని అడిగెను. ఏమియు చెప్పకున్నచో పిల్లలు తామే తప్పు చేసితిమని లెక్కవేసికొందురు. "నాకును అవ్వకును ఒక జబ్బు వచ్చినది, మందు తినుచున్నాము, నీవలన రాలేదు, నీవు దానిని కుదుర్చనక్కరలేదు" అని నాలుగు మాటలలో చెప్పితిమి. ఆ రాత్రి చెల్లెలితో పోట్లాడెను. ఇంటికి ప్రాణము వచ్చినట్లాయెను.

తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బున్నచో, ఇతరులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ అవకాశము గలదని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఇది నొసటి వ్రాత కాదు. చాలమందికి రాకయే పోవును. 2006లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, దిగులుతో నున్న తల్లులకు చికిత్స చేయగా, మూడు నెలలలో కోలుకొనిన తల్లుల బిడ్డలలోకూడ మానసిక బాధలు తగ్గినవట. కోలుకొనని తల్లుల బిడ్డలలో తగ్గలేదట. మా వైద్యురాలు మమ్ము ఎందుకు వేరు చీటితో పిలిచిరో ఇది విన్న తరువాత మాకు పూర్తిగా బోధపడెను.

సంబంధములు తప్పిపోవునని జబ్బును దాచువారు ఈ సభలోనే ఉన్నారు. వారి భయము అబద్ధమని మేము అనము. మా పిల్లకును రేపు పెండ్లి చేయవలసియున్నది. ఈ ఉపన్యాసము అచ్చైన పిదప ఎవరేమందురో చూడవలెను. కాని 2015–16లో నిమ్హాన్స్ వారు జరిపిన జాతీయ సర్వేప్రకారము, దేశములో 20 మందిలో ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు దీనిపాల పడినవారే. జబ్బున్న 100 మందిలో 85 మందికి చికిత్స అందుటలేదు. అంతమందిని తప్పించి సంబంధము చూడవలెనన్న, చికిత్స పొందినవారిని విడిచి, పొందనివారి ఇంట పిల్లనిచ్చుటయే యగును.

ఇక అపాయకరమైన సంగతి. "నిద్రలోనే పోతే బాగుండు" అను మాట ఇంట వినబడినచో వినబడనట్లు నటింపకుడు. చచ్చిపోవలెనని తోచుచున్నదా అని సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటపడును. మందులు, పొలపు విషములు తాళము వేసి తాళపుచెవి మూడవవారిచేతికి ఇండు. ఇద్దరును కుంగియున్న ఇంట ఒకరినొకరు కాపలా కాయుమనుట సరికాదు, మూడవ మనిషి ఆ రాత్రి అచట పడుకొనవలెను. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము టెలిమానస్ అను ఫోను సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు ఏ వేళనైనను, ఖర్చు లేకుండ మాటలాడవచ్చును. భాషను ఎన్నుకొనవచ్చును, తెలుగు ఉన్నది. బరంపురములో, షోలాపురములో, యానాములో ఈ పత్రిక చదువువారు ఈ సంఖ్యను గోడమీద వ్రాసికొనుడు. 2017 మానసిక ఆరోగ్య చట్టముచేత, శరీరపు జబ్బులకువలెనే మనసు జబ్బులకును బీమా ఇయ్యవలెనని నిర్ణయమైనది. పాలసీ కాగితము చదివి చూడుడు. జిల్లా ఆసుపత్రులలో మనోవైద్యము కొత్త ఏర్పాటు కాదు. 1980వ దశకములో మన తెలుగువారు తరతరములుగా నున్న బళ్ళారి జిల్లాలోనే నిమ్హాన్స్ వారు దీనిని నడిపి చూపిరి; ఆ మాదిరిమీదనే 1996లో జాతీయ పథకము వచ్చెను.

మరొకటి చెప్పి కూర్చుందుము. 1950వ దశకములో అమృతసరపు మానసిక ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ అను మహనీయుడు, రోగులతోబాటు వారి కుటుంబములనుకూడ ఆసుపత్రి ఆవరణలో డేరాలు వేయించి ఉంచెను. డేరాలో ప్రక్కడేరావారు ఉందురు. ఒక ఇంటి భారమును మరియొక ఇల్లు చూచును. మా మేనమామగారు పనసకాయతో వచ్చి చేసినది దాదాపు ఇదియే. కాని అందరికిని మేనమామలు ఉండరు; ఉన్నవారికి 20 దినములు తీరిక ఉండదు.

అందుచేత సంఘమునకు మా మనవి యిది. పాత గ్రంథాలయపు వెనుకగదికి వచ్చు నెలనుండి అద్దె మేము ఇచ్చెదము. ఆదివారము భజన ముగిసిన తరువాత ఒక గంట తెరచియుండును. ఉపన్యాసములు ఉండవు, ఉపదేశములు అసలే ఉండవు. ఒకే ఇంటినుండి ఇద్దరు వచ్చినచో వేరువేరు వేళలకు రండు. బెంగళూరునకు వైద్యమునకు పోవలసినవారికి తోడుపోవుటకు, తెలుగులో చెప్పినది చెప్పినట్లు వినిపించుటకు, ఇంటివారు కాని నలుగురు ఇదివరకే ఒప్పుకొన్నారు. వారిలో ఇద్దరు స్త్రీలు. సరకు బండి బుధవారములందు ఎటులనో బెంగళూరు పోవును. ముందు సీటు ఖాళీ.

మా తల్లిగారు ఎట్లున్నారని మీరు అడుగుదురు. పూర్తిగా మునుపటివలె లేరు. మందు కొనసాగుచున్నది. ఈ వేసవిలో పీట దించితిమి. మొదటినాడు పావుగంట కూర్చుండిరి. గడచిన వారము ఒక కూలిమనిషి తూకములో అరకిలో తేడా వచ్చినదని పోట్లాడిరి. లెక్క చూడగా అమ్మదే సరి.